రోగి వంగునా?

ఆ రోజుల్లో ఒక ఇంట్లో ఒకడు బి.ఏ. ప్యాసయ్యాడంటే, ఇంగ్లీషు అక్షరం ఉన్న ప్రతి కాగితమూ అతని ముందుకు రావలసిందే. మా వంశంలో ఆ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. ఎరువుల బస్తా మీది అచ్చు మొదలు మందుసీసా మీది చీటీ దాకా చదివి అర్థం చెప్పే బాధ్యత నాదే అయింది. (నాకే అర్థం కానిచోట గొంతు సవరించుకుని కొంచెం గట్టిగా చదివేవాణ్ణి. అది సరిపోయేది.) నందిగామ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాక నా గాంభీర్యం మరి రెండు మెట్లు పైకెక్కింది.

జగ్గయ్యపేటలో మా బాబాయి కూతురు, నాకు చెల్లెలు, పన్నెండేళ్లు దాటిన దగ్గర్నుంచి ఒక పక్కకు ఒరిగిపోతూ వచ్చింది. వెన్నెముక పాములా మెలిక తిరిగింది. పధ్నాలుగో ఏట బాబాయి దాన్ని దక్షిణాదిన ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లి ఆపరేషను చేయించాడు. మెడ నుంచి తుంటి దాకా సిమెంటుకట్టుతో నెలల తరబడి పడుకుని, ఆ కట్టులోనే ఎక్కాలు మరిచిపోకుండా వల్లె వేసుకుని, చివరికి నిటారుగా లేచి నిలబడింది. మా నాయనమ్మ దానికి ‘నిట్రాట’ అని పేరు పెట్టింది. (పూరింట్లో కప్పును మోస్తూ నడిమధ్య నిలబడే గుంజ అది.) మూడేళ్లు గడిచాయి. చెల్లాయి ఎస్సెల్సీ ప్యాసయింది, టీచరు ట్రైనింగులో సీటూ వచ్చింది. అయితే ఒంట్లో బాగుందని ఆపరేషను చేసిన డాక్టరు సర్టిఫికెట్టు ఇస్తేనే చేర్చుకుంటామన్నారు. ఆ డాక్టరుగారు, అమ్మాయి ఇప్పుడెలా బతుకుతున్నదో ముందు తెలపండి అంటూ ఇంగ్లీషులో ప్రశ్నల కాగితం ఒకటి పంపించారు. బాబాయి దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

చెల్లాయినే పక్కన కూర్చోబెట్టుకుని అడిగి రాస్తే పావుగంట పని. కానీ నేను తాలూకా ఆఫీసు మనిషిని. సంబంధిత వ్యక్తి మాట ఒక్కటే సాక్ష్యంగా చెల్లదని తీర్మానించి, ఆదివారం జగ్గయ్యపేట వెళ్లి ఇంటిల్లిపాదినీ వసారాలో సమావేశపరిచి వాంగ్మూలాలు తీసుకున్నాను. చెల్లాయి నోరు తెరవబోతే, నీ వంతు చివర వస్తుందన్నాను. (ఆ వంతు రాకుండానే బస్సుకు వేళయింది.) ప్రశ్నలను తగిన భాషలో చదవాలి గనుక, “రోగి వంగునా?” అని అడిగాను.

నాయనమ్మ చేస్తున్న పని ఆపింది. “అదా? వంగుద్దా? నేను చెప్పినా వంగదు, మీ పిన్ని తిట్టినా వంగదు. మొన్న కరణంగారంతటోడు వస్తే ఆయనకే ఎదురు చెప్పింది. ఎంత వంచుదామని చూశామో నీకేం తెలుసురా.”

నేను తల పంకించి, రోగి బొత్తిగా వంగదు, కుటుంబసభ్యులు పలుమారులు వంచ ప్రయత్నించి విఫలులైనారు అని శుద్ధమైన ఇంగ్లీషులో రాశాను. తరువాత, బరువులు మోయునా అన్నది ప్రశ్న. పిన్నికి ఉబ్బసం. “ఇంటి బరువంతా దానిదేరా” అన్నాడు బాబాయి. గృహము యొక్క సమస్త భారమును రోగియే మోయుచున్నది అని రాశాను. ఆ వాక్యం కుదిరిన తీరుకు దారిపొడవునా మురిసిపోయాను. మర్నాడు పోస్టు చేశాను.

ట్రైనింగులో చేరడానికి నాలుగు వారాలు గడువుండగా జవాబు వచ్చింది. పిల్లను వంచే ప్రయత్నాలు తక్షణం మానుకోవాలనీ, బరువు మోయించడం నేరంతో సమానమనీ, తాము స్వయంగా పరీక్షించేదాకా సర్టిఫికెట్టు ఇవ్వడం కుదరదనీ దాని సారాంశం. అంత దూరం మళ్లీ వెళ్లి రావడానికి బాబాయి దగ్గర డబ్బు లేదు. ఆ ఉత్తరమూ, దానితో తిరిగొచ్చిన ప్రశ్నల కాగితమూ పట్టుకుని చెల్లాయి ఒక్కతే నందిగామ వచ్చింది. బస్సులో సీటు దొరకక దారంతా నిలబడే వచ్చిందట. (అదే బస్సులో కూర్చుని వెళ్లినా నాకు రెండు రోజులు నడుం పట్టేసేది.) దాని ముఖంలో కోపం కనపడితే ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాణ్ణి.

“అన్నయ్యా, వెన్ను గురించి అడిగితే నా బుద్ధి గురించి రాశావేం?” అన్నది.

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక తలెత్తలేకపోయాను. అది నా కలం తీసుకుని, నా బల్ల ముందే కూర్చుని, తనకు వచ్చిన పొట్టి పొట్టి ఇంగ్లీషు వాక్యాల్లో రాసుకుంటూ పోయింది. నడుము వంగదు, మోకాళ్లు వంగుతాయి, కింద ఏది పడినా గొంతుక్కూర్చుని తీసుకుంటాను. చిన్న బిందెతో నీళ్లు తెస్తాను, పెద్ద బిందె నాన్న తెస్తాడు. వాన ముసురు పట్టినప్పుడు కొంచెం నొప్పి. చివరి ప్రశ్న, ఆపరేషనుకు ముందుకూ ఇప్పటికీ తేడా ఏమిటని. దానికి, ఇదివరకు నా వీపు ఎవరికీ కనపడకూడదని బడిలో వెనక బెంచీలో గోడకానుకుని కూర్చునేదాన్ని, ఇప్పుడు ముందు బెంచీలో కూర్చుంటున్నాను అని రాసి సంతకం చేసింది. అందులో రెండు వ్యాకరణ దోషాలున్నాయి. దిద్దడానికి చెయ్యి రాలేదు. ఆ జవాబులు చదివి డాక్టరుగారు పరీక్ష మాట వదిలేశారు; గడువుకు మూడు రోజుల ముందు సర్టిఫికెట్టు వచ్చింది.

చెల్లాయి ఎన్నో ఊళ్లలో పాఠాలు చెప్పి హెడ్మాస్టరమ్మగా రిటైరయింది. నల్లబల్ల ముందు అది నిలబడితే పిల్లలు కూడా వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చునేవారని చెబుతారు. నేను మటుకు ముప్పైఅయిదేళ్లు ఫైళ్ల మీదికి వాలి వాలి ప్రశ్నార్థకంలా తయారయ్యాను. మొన్న నడుంనొప్పికి డాక్టరు దగ్గరికి నన్ను తీసుకువెళ్లింది అదే. ఆ కుర్ర డాక్టరు కాగితం ముందు పెట్టుకుని, వంగగలరాండీ అని నన్ను అడిగాడు. నేను గొంతు సవరించుకునేలోపలే చెల్లాయి అందుకున్నది.

“వంగటానికేం లోటు లేదండి. లేవటమే రాదు.”

అతను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. వసారాలో కలం పట్టుకుని కూర్చున్న ఆనాటి పట్టభద్రుణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను. మా ఇద్దరి వెన్నుల గురించి అతను తెలుసుకోవలసిందంతా ఆ ఒక్క జవాబులోనే ఉంది.