ఎర్రదారం సీసా

నూనె కాచిన మర్నాడు పొద్దున్నే ముఖం కడుక్కున్నాక మా పెద్దమ్మ చేసే మొదటి పని, ఆ కొత్త నూనె ఒక చుక్క తీసి ఎడమ ముంజేతి లోపలివైపు రాసుకోవడం. కిటికీలోంచి పడే ఎండలో ఆ చెయ్యి చాపి వంద లెక్కపెడుతుంది. తర్వాత సబ్బుతో కడిగి గుడ్డ చుట్టుకుంటుంది. రెండు రోజులు ఆగి, ఆ చోటు ఎర్రబడకపోతేనే ఆ నూనె సీసాల్లో పోస్తుంది.

"నూనె మాకిస్తావా, అంతా నీ చేతికే తాగిస్తావా?" అని ఆమె నూనెల కొట్టుకు వచ్చినవాళ్లు వేళాకోళం చేస్తారు.

"ముందు నా చెయ్యి ఒప్పుకోవాలి. మీ ముఖం సంగతి తర్వాత."

ఆమె కాచేది బావంచాల నూనె. మిరియం కంటే చిన్నగా ఉండే ఆ నల్లటి గింజల్ని నానబెట్టి, రోట్లో నూరి, నువ్వులనూనెలో సన్నని సెగమీద కాస్తుంది. నీరంతా ఇగిరిందో లేదో తెలియడానికి అందులో వత్తి ముంచి వెలిగిస్తుంది. చిటపటమంటే ఇంకా కాగాలి. తెల్లమచ్చలకు, మొండి గజ్జికి ఈ నూనె అడుగుతారు. మచ్చమీద రాసి కాసేపు లేత ఎండ తగలనివ్వాలి. ఎండ ఎక్కువైతే అదే నూనె ఒళ్లు కాలుస్తుంది.

ఈ పని ఆమెకు నేర్పింది వాళ్ల అత్తగారు. చిక్కటి నూనె సీసాల మెడకు ఆవిడ ఎర్రదారం కట్టేది. దానికి పదింతలు నువ్వులనూనె కలిపాక తెల్లదారం. ఎర్రదారం సీసా కొట్టు గడప దాటకూడదనేది ఆవిడ మాట. చేతిమీద చుక్క వేసుకుని చూడటమూ ఆవిడ అలవాటే. అదంతా ముసలావిడ చాదస్తమని పెద్దమ్మ లోలోపల నవ్వుకునేది.

అప్పటికి మా అమ్మకు ఇరవై నాలుగేళ్లు. బడిలో కొత్తగా పంతులమ్మగా చేరింది. పెదవి పక్కన కందిగింజంత తెల్లమచ్చ మొదలై, గడ్డం వైపు పాకుతోంది. బోర్డు వైపు తిరిగినా పిల్లల చూపు తన ముఖానికే అతుక్కున్నట్టు ఉండేదట.

"నెలరోజుల్లో బడిలో ఫొటో తీస్తారక్కా. త్వరగా తగ్గేది ఏదైనా ఇవ్వు" అని అడిగింది.

చెల్లెలు అలా నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. అత్తగారు ఆ వారం ఊళ్లో లేదు. పెద్దమ్మ ఎర్రదారం విప్పి, నువ్వులనూనె సగానికి సగమే కలిపి ఇచ్చింది. తన చేతిమీద చుక్క వేసుకోలేదు.

"ఎండలో ఎంతసేపు ఉండాలి?"

"ఉన్నకొద్దీ మంచిదేలే."

సెలవురోజు అమ్మ మేడమీద మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడు మంట మొదలైంది. మూడోనాటికి పెదవి నుంచి గడ్డం దాకా బొబ్బలు. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంది. పుండు మానాక తెల్లమచ్చ ఉన్నచోట నల్లటి మచ్చ, ముడత మిగిలాయి. ఫొటోలో అమ్మ లేదు.

పెద్దమ్మ చూడ్డానికి వెళ్తే అమ్మ తలుపు తీసేది, మంచినీళ్లిచ్చేది. మాట్లాడేది కాదు. అలా మూడేళ్లు. పెద్దమ్మ నూనె కాయడం మానేసింది. ఆ మూడేళ్లలోనే అత్తగారు పోయారు.

ఒకరోజు అమ్మ ఎవరో ఆవిడను వెంటబెట్టుకుని కొట్టు మెట్ల దగ్గర నిలబడింది.

"ఈవిడ మా బడి పిల్ల తల్లి. చేతిమీద తెల్లమచ్చ. చర్మం డాక్టరు చూసి, పలచగా అయితే రాసుకోవచ్చన్నాడు. ఈ నూనె కాచేవాళ్లు ఇంకెవరూ లేరట."

పెద్దమ్మ తల ఎత్తలేదు. "నేను కాయనే. నా చేతులు అందుకు పనికిరావు."

"మీ అత్తగారు చేసినట్టు చెయ్యి. ముందు నీ చేతికి వేసుకో."

నాలుగు రోజులకు నూనె తయారైంది. ఒకటికి పది కలిపి, అమ్మ ఎదుటే పెద్దమ్మ ముంజేతికి చుక్క రాసుకుంది. కిటికీ దగ్గర కూర్చుంటే వంద లెక్కపెట్టింది అమ్మే.

"రేపు పొద్దున వచ్చి చూస్తావా?" అంది పెద్దమ్మ.

"రేపు కాదు, ఎల్లుండి. ఒక్కరోజులో బయటపడదు. నాకు తెలుసుగా."

చెప్పినట్టే మూడోనాడు అమ్మ వచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ తర్వాత సీసా మెడకు తెల్లదారం కట్టి ఆ పిల్ల తల్లి చేతికిచ్చింది.

పెద్దమ్మకు ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. డాక్టరు చీటీ చూడకుండా ఆ నూనె ఎవరికీ ఇవ్వదు. కళ్లు మసకబారాయి, ముంజేతిమీద ఎరుపు ఉందో లేదో తనకు తెలియదు. వారానికి రెండుసార్లు, బడికి వెళ్లే దారిలో, అమ్మ ఆగి చూసి చెబుతుంది.