గడుగ్గాయి ఎడమ భుజం

మా అమ్మమ్మ భయపడని వస్తువు ఇంట్లో ఒక్కటి కూడా ఉండేది కాదు. కుక్కర్ ఈల వేస్తే వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చేది. లిఫ్టు ఎక్కాలంటే కళ్ళు గట్టిగా మూసుకుని పక్కవాళ్ళ చొక్కా పట్టుకునేది, ఆ పక్కవాళ్ళు ఎవరైనా సరే. గోడ మీద బల్లి కనిపిస్తే ఆ గది బల్లికే రాసిచ్చేసినట్టు వదిలేసేది. అలాంటి మనిషి పొద్దున్నే లాయానికి వెళ్ళి, ఒక్క తన్ను తంతే గోడకి అతుక్కుపోయేంత పెద్ద గుర్రం పక్కన నిలబడి, దాని తుంటిని పిండి పిసికినట్టు పిసికేది.

"అత్తా, బల్లికి భయపడతావు, దీనికి భయపడవా?" అని లాయంలో గుర్రాల్ని చూసుకునే సైసు ఏడిపించేవాడు.

"బల్లి మనసులో ఏముందో ఎవడికి తెలుసు? ఇదైతే నాకంటే పిరికిది. దీన్ని చూస్తే నాకు ధైర్యమొస్తుంది" అనేది అమ్మమ్మ.

పందెపు గుర్రాలకి మాలీషు చెయ్యడం అమ్మమ్మ పని. చూసేవాళ్ళకి పందెపు గుర్రమంటే కాళ్ళు. అమ్మమ్మకి వీపు. పరుగెత్తిన మర్నాడు గుర్రం ఒళ్ళంతా కొయ్యబారిపోతుంది. నోరు విప్పి చెప్పలేదు కాబట్టి జీను వెయ్యబోతే చెవులు వెనక్కి వంచుతుంది, దాణా సగం వదిలేస్తుంది, మలుపులో ఒక పక్కకే తిరుగుతానని మొండికేస్తుంది. తెలియనివాళ్ళు పొగరనుకుంటారు. అమ్మమ్మ మాత్రం వేడినీళ్ళలో చేతులు ముంచి తుడుచుకుని, మెడ మీద అరచెయ్యి ఆనించి, గుర్రం బుస్సుమని గాలి వదిలేదాకా ఊరికే నిలబడేది. అప్పుడు జూలు మొదట్లో మొదలుపెట్టి మూపు, వెన్నుకి రెండు పక్కలా, తుంటి, తొడ, అలా వెనక్కి జరుగుతూ పోయేది. చేతికి ముడి తగిలితే అక్కడ ఆగి తన బరువంతా వేసి ఒత్తేది. ముడి కరుగుతున్నకొద్దీ గుర్రం కింది పెదవి వేలాడేసేది, కళ్ళు అరమోడ్చేది, చివరికి ఇంత నోరు తెరిచి ఆవలించేది. గుర్రం ఆవలించిందంటే అమ్మమ్మ పరీక్ష పాసైనట్టే. అలా మాలీషు చేసిన గుర్రం మర్నాడు అడుగు బారుగా వేసేది, తిండి సరిగ్గా తినేది, పందెం రోజున పరుగు మొదలయ్యే గేటు దగ్గర కూడా చెమటలు పట్టకుండా నిలబడేది.

అమ్మమ్మకి ఒక కట్టుబాటు ఉండేది. గట్టిగా ఒత్తే పనంతా పందేనికి చాలా ముందే ముగించాలి. పందెం ముందురోజు పైపైన అరచేత్తో రాయడమే తప్ప ముడి జోలికి పోకూడదు. ఆ కట్టుబాటుని ఆవిడ ఒక్కసారే తప్పింది. తప్పించింది కూడా భయమే.

ఆ గుర్రం పేరు గడుగ్గాయి. కాగితాల్లో దానికి ఇంకేదో పొడుగాటి పేరు ఉంది, అది ఎవరి నోరూ తిరగదు. బకెట్టు బోర్లించడం, సైసు టోపీ నమలడం దాని పనులు కాబట్టి అమ్మమ్మ ఆ పేరు పెట్టింది, అదే నిలిచిపోయింది. ఆ ఏడాది పెద్ద పందెంలో దాని మీద ఎక్కబోయేది మా పిన్ని, అంటే అమ్మమ్మ చిన్నకూతురు. పిన్ని జాకీ. అన్నాళ్ళూ ఆమెకి వచ్చినవన్నీ మిగతావాళ్ళు వద్దన్న గుర్రాలే. మంచి గుర్రం మీద, పెద్ద పందెంలో ఇదే మొదటిసారి.

పిన్ని పందెం ఉన్న రోజున అమ్మమ్మ ఏనాడూ మైదానం వైపు చూసి ఎరగదు. గుర్రాల్ని కడిగే రేకుల షెడ్డు వెనకాల చెవులు మూసుకుని కూచునేది. పిన్ని వచ్చి భుజం మీద తట్టి "బతికే ఉన్నానే అమ్మా" అంటే తప్ప లేచేది కాదు.

పందెం ముందురోజు సాయంత్రం గడుగ్గాయి ఒంటి మీద పైపైన చెయ్యి రాస్తుంటే ఎడమ భుజం వెనకాల నిమ్మకాయంత ముడి తగిలింది. వదిలెయ్యాలి. వదిలేసి పక్కకి జరిగింది కూడా. గడుగ్గాయి జరగనివ్వలేదు. భుజం తెచ్చి ఆవిడ అరచేతిలో ఆనించి నొక్కింది. రేపు పిల్ల ఎక్కే గుర్రం కదా, ఈ ముడితో పరుగెత్తి ఎక్కడైనా తడబడితే? ఆ ఆలోచన రాగానే అమ్మమ్మ చేతులు కట్టుబాటుని మరిచిపోయాయి. ముడి కరిగేదాకా ఒత్తింది. గడుగ్గాయి మూడు ఆవలింతలు ఆవలించింది.

మర్నాడు పొద్దున సైసు లాయం గడప దగ్గరే ఎదురొచ్చాడు.

"అత్తా, నీ చేతులకి దండం పెట్టాలి! ఈ మధ్య ఇది ఎప్పుడు నిలబడ్డా కుడి ముందుకాలు కాస్త ముందుకి చాపి నిలబడేది. ఇవాళ చూడు, నాలుగు కాళ్ళూ బల్లకోళ్ళలా ఎలా పెట్టిందో!"

అమ్మమ్మ చేతిలోని వేడినీళ్ళ చెంబు ఒలికింది.

"కుడికాలు చాపేదా? ఎప్పట్నించి?"

"ఏమో, ఈమధ్యే. ఒయ్యారమనుకున్నాలే. ఏం?"

అమ్మమ్మ ఆ కుడికాలి వైపే చూస్తూ ఆలోచించింది. కుడిపాదం నొప్పిగా ఉన్న మనిషి బరువంతా ఎడమ పక్కకి వేసి నడుస్తాడు. నాలుగు రోజులయ్యేసరికి నొప్పి లేని ఎడమ పక్క పట్టేస్తుంది. ఆ నిమ్మకాయంత ముడి అలసట వల్ల వచ్చింది కాదేమో. కుడికాల్లో ఉన్న దేన్నో కాపాడుకోవడానికి గుర్రం కట్టుకున్న కట్టేమో అది. ఆ కట్టుని తను స్వయంగా, శ్రద్ధగా విప్పేసింది. ఇప్పుడు బరువు నాలుగు కాళ్ళ మీదా సమంగా పడుతుంది, గుర్రం కుంటదు. కుంటకపోతే ఎవరూ ఆపరు. ఎవరూ ఆపకపోతే, మధ్యాహ్నం అది పూర్తి వేగంలో ఉండగా ఆ కాలు...

అక్కణ్ణుంచి ముందుకి ఆలోచించలేక జీనుల గదికి పరుగెత్తింది.

పిన్ని బూట్లకి పాలిషు వేస్తోంది. అంతా విని, బ్రష్షు ఆపకుండానే అంది, "అమ్మా, నిన్న ఫ్యాను ఊడి పడుతుందన్నావు."

"అన్నాను."

"మొన్న పక్కింటి పొయ్యి పేలుతుందన్నావు."

"వాసనొచ్చిందే తల్లీ!"

"అది వాళ్ళు గోడకి రంగు వేయించుకున్న వాసన. ఇవాళ గుర్రం కాలు. నేను జాకీ అయిన దగ్గర్నుంచీ ప్రతి పందెం పొద్దునా నీకు ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంది. అవన్నీ విని ఉంటే నేను ఇంతవరకూ ఊగే కొయ్యగుర్రం మీద కూడా ఎక్కేదాన్ని కాదు."

"ఇది అలాంటి భయం కాదే."

"ఎలా తెలుసు?"

నిజానికి అమ్మమ్మకీ తెలియదు. బల్లిని చూసినప్పుడు ఎక్కడ వణుకు పుడుతుందో ఇప్పుడూ అక్కడే పుట్టింది. జన్మంతా అన్నిటికీ ఒకేలా వణికిన మనిషికి, ఏ వణుకు నిజమైనదో చెప్పే గుర్తు ఏదీ మిగల్లేదు. అది తెలిసొచ్చాక మరింత భయమేసింది.

అయినా ఆ లాయంలో గుర్రాలకి తర్ఫీదిచ్చే ట్రైనరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నవ్వలేదు, కసరలేదు, వెంటనే గుర్రాల డాక్టర్ని పిలిపించాడు. డాక్టరు కుర్రాడే గానీ నిదానమున్నవాడు. కుడికాలు కిందనించి పైదాకా తడిమాడు, ఎముక వెంబడి బొటనవేలితో నొక్కాడు, గిట్ట తట్టి చూశాడు. గడుగ్గాయి ఆయన జేబురుమాలు లాగడానికి ప్రయత్నించింది తప్ప ఉలిక్కిపడలేదు. తర్వాత గట్టి నేల మీద చిన్న పరుగు పెట్టించి చూశాడు. చుట్టూ తిప్పించి చూశాడు. పట్టుగుడ్డ జారినట్టు నడిచింది.

"పెద్దమ్మగారూ, మీ మాట కొట్టిపారెయ్యను" అన్నాడు డాక్టరు. "మీరు ముడి విప్పడం వల్ల కుంటు కనబడకుండా పోయి ఉండొచ్చు. కానీ నాకు ఏదో ఒకటి కనబడాలి కదా. ఉండొచ్చు అన్న మాట మీద గుర్రాన్ని ఆపలేను."

"అయితే ఎవరు ఆపుతారు బాబూ?"

"మీద ఎక్కిన మనిషి. నడక తేడాగా ఉందని జాకీ చెబితే గేటు దగ్గరైనా ఆపేస్తారు."

అందరూ, వెనకాలే వచ్చి నిలబడ్డ పిన్ని వైపు చూశారు. పిన్ని మొహం కందగడ్డలా ఎర్రబడింది. "బాగానే ఉంది కదా, ఇంకెన్నిసార్లు చూస్తారు?" అని విసురుగా వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం అమ్మమ్మ రేకుల షెడ్డు వెనక్కి వెళ్ళలేదు. తన చేత్తో చేసిన పని ఎటుపోతుందో చూడకుండా కూచోవడం దానికంటే భయంగా తోచింది. మైదానం చుట్టూ ఉన్న తెల్ల కమ్మీ పట్టుకుని నిలబడింది. గుర్రాలన్నీ వరసగా గేటు వైపు వెళుతుంటే, రంగు చొక్కాలో పిన్ని ఆవిడ ముందునించే వెళ్ళింది. కూతురు తలతిప్పి ఒకసారి చూసింది. అమ్మమ్మ చెయ్యి కూడా ఊపలేదు. నోరు కాస్త తెరుచుకుని ఉండిపోయింది, అంతే.

గుర్రాలు దూరంగా బొమ్మలంత అయిపోయాయి. గేటు దగ్గర ఏదో కదలిక. ఒక గుర్రం వరసలోంచి బయటికొచ్చింది. మీదున్న మనిషి దిగిపోయి, కళ్ళెం పట్టుకుని నడిపించుకొస్తోంది. మైకులో గడుగ్గాయి పొడుగాటి పేరు చదివి, తప్పుకుందన్నారు. జనం ఉస్సూరన్నారు. వెనకాల ఎవరో పిన్నిని ఒక మాట కూడా అన్నారు.

అమ్మమ్మ కమ్మీ కింద దూరి ఎదురు పరుగెత్తింది.

"కుంటిందా?"

"లేదు."

"మరి?"

పిన్ని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దాని నడకలో ఏమీ లేదు. నువ్వు రేకుల వెనకాల ఉంటావనుకున్నా. కమ్మీ దగ్గరున్నావు. ఆ మొహం చూశాక నా చేతులు కళ్ళెం మీద బిగుసుకుపోయాయి. నువ్వు అంత భయపడి కూడా చూడ్డానికి వచ్చావంటే... ఇక చాలా నీకు? నీ భయం నాకు అంటించావు. సంతోషమేగా?"

ఆ సాయంత్రం తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు.

ఆ తర్వాతి రోజులే అన్నిటికంటే పాడు రోజులు. ట్రైనరు పిన్నికి గుర్రాన్నివ్వడం మానేశాడు. అరవలేదు, అడిగితే "చూద్దాం" అనేవాడు. అరిచినా బాగుండేది. పిన్ని ఇంట్లో పళ్ళేలు చప్పుడయ్యేలా పెట్టడమే తప్ప అమ్మతో మాట కలపలేదు. డాక్టరు మాత్రం గడుగ్గాయిని పరుగెత్తించొద్దని, మళ్ళీ ఎక్స్‌రే ఫొటో తీసేదాకా లాయంలోనే ఉంచమని పట్టుబట్టాడు. సన్నటి బీట ఉన్నా వెంటనే కనబడదట, ఎముక మానడం మొదలైతేగానీ గీత తేలదట.

అమ్మమ్మకి దేవుణ్ణి ఏమని వేడుకోవాలో తెలియలేదు. గీత కనబడకపోతే కూతురి బతుకు తన పిరికితనం వల్ల పోయినట్టు. కనబడాలని కోరుకుంటే, నోరులేని దాని కాలు విరగాలని కోరుకున్నట్టు. పొద్దున ఒకటి కోరుకునేది, మధ్యాహ్నానికి లెంపలేసుకుని రెండోది కోరుకునేది. రోజూ గడుగ్గాయి దగ్గరికి వెళ్ళేది, చెయ్యి మాత్రం వేసేది కాదు. అది భుజం తెచ్చి ఆనిస్తే, నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగేది.

రెండో ఫొటోలో గీత తేలింది. కుడికాలి ఎముక మీద, వెంట్రుకంత. డాక్టరు ఫొటోని వెలుతురుకి పట్టుకుని చూపించి, "ఒక్క గట్టి పరుగు పడి ఉంటే..." అని పిన్ని వైపు చూసి ఆపేశాడు. కొన్ని నెలలు కదలకుండా ఉంచితే మానిపోతుందన్నాడు. ట్రైనరు గొంతు సవరించుకుని, వచ్చే వారం రెండు గుర్రాలున్నాయి, వస్తావా అని పిన్నిని అడిగాడు.

లాయమంతా అమ్మమ్మని మెచ్చుకుంది. సైసు ఇక నించి కుక్కర్ ఈల వింటే తనూ పారిపోతానన్నాడు. అమ్మమ్మ మాత్రం గడ్డిమోపు మీద కూలబడి వణుకుతూనే ఉంది.

"ఇంకా ఏంటే అమ్మా? నువ్వన్నదే నిజమైంది కదా" అంది పిన్ని, పక్కన కూచుంటూ. చాలా రోజుల తర్వాత మాట్లాడిన మొదటి మాట.

"సైసు ఆ మాట అనకపోతే?" అంది అమ్మమ్మ. "నా చేతికి తెలియలేదే. నా చెయ్యి దాన్ని బాగు చేశాననుకుని సంబరపడింది. ఇన్నేళ్ళలో ఇంకెన్నిటికి ఇలా విప్పేశానో?"

పిన్ని అమ్మ చేతుల్ని తన ఒళ్ళోకి తీసుకుని, అవి ఆగేదాకా పట్టుకుంది. అవి అంత తొందరగా ఆగలేదు.

ఇప్పుడు అమ్మమ్మ మళ్ళీ మాలీషు చేస్తోంది గానీ, సైసులందరికీ ప్రాణం విసుగెత్తేలా చేస్తోంది. ఏ గుర్రం మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు దాన్ని గట్టి నేల మీద నడిపించి, పరుగు పెట్టించి చూపించాలి. ఎలా నిలబడుతోందో, ఏ కాలు చాపుతోందో చూసుకునేవాళ్ళు చెప్పాలి. అంతా చూశాక కూడా ముడి తగిలితే, ఒత్తే ముందు డాక్టర్ని కేకేస్తుంది. చేతులు ముంచుకునే నీళ్ళు ఈలోగా చల్లారిపోతాయి, మళ్ళీ కాచాలి. సైసులు తప్పించుకుంటే గుర్రాన్ని పట్టుకుని పరుగెత్తే పని పిన్ని మీద పడుతుంది.

"ఇంకోసారి" అంటుంది అమ్మమ్మ.

"మూడోసారే ఇది! మాలీషు గుర్రానికా, నాకా?"

"నీకూ చేస్తాలే. ముందు పరుగెత్తు."

పిన్ని రొప్పుతూ గుర్రంతో పాటు ఆ చివరిదాకా పోయి తిరిగొస్తుంటే, అమ్మమ్మ కళ్ళు గుర్రం కాళ్ళ మీదినించి మెల్లగా పక్కకి జరిగాయి.

"ఆగవే. నువ్వెందుకు ఎడమకాలు ఈడుస్తున్నావు?"

"కొత్త బూటమ్మా, కరుస్తోంది!"

"ఏదీ, విప్పి చూపించు" అంది అమ్మమ్మ, అప్పటికే మొహం పాలిపోయి.