మా ముందు కోసిన చేప

ఆదివారం మధ్యాహ్నం మేం ఇంట్లో వండుకునేవాళ్ళం కాదు. ఈ అలవాటు 1991 జూన్‌లో మొదలైంది. నెల ఎందుకు గుర్తుందంటే, ఆ నెల మా స్టవ్వు పాడైంది, బాగుచేసే మనిషి వానల పేరు చెప్పి ఎంతకీ రాలేదు. స్టవ్వు బాగయ్యాక కూడా అలవాటు పోలేదు.

మేం తినే చోటు నికోబార్‌కి ఉత్తరాన ఉన్న మా దీవి ఊళ్ళో, అబర్డీన్ బజార్‌లో, బస్టాండు ఎదురుగా ఉన్న బట్టల కొట్టు పక్కన. ఒక రేకు, దాని కింద రెండు బెంచీలు, ఒక పొయ్యి. నడిపేది శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన జాలరి ఇంటి ఆడమనిషి. వాళ్ళ కాపురం రేవుకి అవతల హోప్ టౌన్‌లో. భర్త రాత్రి వేటకెళ్ళి తెచ్చిన చేపల్ని ఆమె పొద్దున్నే బుట్టకెత్తుకుని ఫెర్రీలో ఇవతలికి వచ్చేది. అన్నం, చారు, చేప వేపుడు. నాలుగో వస్తువు ఉండేది కాదు.

మిగతా హోటళ్ళలో చేప ముక్కలై, మసాలా పూసుకుని పళ్ళెంలో ఉంటుంది. అది ఎప్పటిదో అడగకూడదు. ఈమె దగ్గర చేప చేపలాగే ఉండేది. మనం ఒకదాన్ని చూపిస్తే మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించేది. తర్వాత కత్తిపీట ముందు కూర్చుని, మన ఎదురుగానే పొట్ట చీల్చి, రెండు వేళ్ళతో విప్పి పట్టుకుని, మనం తల ఊపాకే పేగులు తీసేది. లోపల జన, అంటే గుడ్ల తిత్తి, ఉంటే విడిగా వేయించి పళ్ళెం అంచున పెట్టేది. జన మావారిది. ఆ విషయంలో నాకూ ఆయనకూ ఏనాడూ తగువు రాలేదు.

నేను తల ఊపడానికి చాలాసేపు పట్టేది. చేప కన్ను మసకగా ఉన్నా, పొలుసు ఒక్కటి మిగిలినా చెప్పేదాన్ని. అన్నం మెత్తబడితే పళ్ళెం వెనక్కి పంపేదాన్ని. అందుకని ఆమె నాకో పేరు పెట్టింది. సందు మొదట్లో నేను కనబడగానే కేకేసేది.

"ఇనస్పెక్టరమ్మ వచ్చీసింది! ఆ పళ్ళెం మళ్ళీ కడగాల!"

"కడిగితే మంచిదేగా" అనేదాన్ని.

"కడుగుతామమ్మా, కడుగుతాం. మీరొచ్చీ రోజున సేపకి కూడా భయమే."

ఎదురు బెంచీ మీద ఎప్పుడూ ఒక బస్సు కండక్టరు ఉండేవాడు. తెలుగువాడే కాని సగం మాట హిందీలోనే. "దీదీ, ఆంటీజీ వద్దన్న చేప నాకివ్వు, మంచిదే అయ్యుంటుంది" అనేవాడు. పదమూడేళ్ళు ఆదివారాలు ఇలా గడిచాయి.

2004 డిసెంబరు 26 కూడా ఆదివారమే. ఆరున్నరకి భూమి ఊగింది. మేం వీధిలోకి పరిగెత్తాం. తర్వాత నీళ్ళు వచ్చాయి. మా ఇల్లు మెరక మీద కాబట్టి మాకు ఒక గోడ పగలడంతో పోయింది. హోప్ టౌన్‌లో ఆమె ఇంట్లోకి నడుం లోతు నీళ్ళు వచ్చి వెళ్ళాయట. పడవని మాత్రం ముందు వారమే తారు పూయడానికి పైకి లాగి బోర్లించి ఉంచారు. అది దక్కింది. పడవలు పోయినవాళ్ళందరూ ఆమెను అదృష్టవంతురాలన్నారు.

నీళ్ళు ముంచేసిన నికోబార్ దీవుల వైపు నుంచి ఓడల్లో జనాన్ని తెచ్చి బడుల్లో దింపారు. మావారికి ఆ రోజుల్లో జెట్టీ దగ్గర డ్యూటీ వేశారు. దిగినవాళ్ళని చూసుకోవడం ఆయన పని. దిగనివాళ్ళ గురించి అడిగేవాళ్ళకి జవాబు చెప్పడం కూడా ఆయన మీదే పడింది. దిగనివాళ్ళు సముద్రంలో ఉన్నారని ఊరంతటికీ తెలుసు. అందుకే ఊళ్ళో చేప తినడం ఆగిపోయింది. తినొద్దని ఎవరూ చెప్పలేదు. ఒకరు ఒంట్లో బాగోలేదన్నారు, ఒకరు మొక్కు అన్నారు.

జనవరి మధ్యలో ఆమె మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఆ ఆదివారం ఆయన డ్యూటీలో ఉన్నారు, నేను ఒక్కదాన్నే వెళ్ళాను. కండక్టరు నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఉన్నవాటిలో పెద్ద వంజరం తీసి, ఎప్పటిలాగే అతని ఎదురుగా పెట్టుకుని పొట్ట చీల్చి, రెండు వేళ్ళతో విప్పింది.

కండక్టరు లోపలికి చూశాడు. లోపల ఉండాల్సినవే ఉన్నాయి. "ఆజ్ నహీ, దీదీ" అని లేచి సంచీ తగిలించుకుని బస్టాండులోకి నడిచాడు. మిగతావాళ్ళు కూడా అన్నం వదిలేసి లేచారు. ఆమె చేపని అలాగే విప్పి పట్టుకుని నాకేసి చూసింది. నేను కూడా ఆ రోజు చారుతో తిని వచ్చేశాను.

మరుసటి వారం ఆమె చేపల్ని ఇంటి దగ్గరే కోసి, ముక్కలు తెచ్చింది. అది ఇంకా చేటైంది.

"ఎప్పుడూ ఇక్కడే కోసేదానివి కదా, ఇవాళ ఇంటి దగ్గరెందుకు కోశావు?" అని బట్టల కొట్టాయన అందరూ వినేలా అడిగాడు. "లోపల ఏం కనబడింది?"

"ఏటి కనబడతాది బాబూ? పేగులు కనబడినాయి."

ఆ మాటకి మామూలుగా అయితే నవ్వేవాళ్ళు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత చేప మానేసి కోడిగుడ్ల పులుసు పెట్టింది. అది ఆమె చేతికి రాలేదు. పులుసు నీళ్ళగా ఉందని నేనే చెప్పాను. గుడ్డు తినాలనుకునేవాళ్ళకి బజార్‌లో వేరే హోటళ్ళు చాలానే ఉన్నాయి. బజార్ పిల్లులు మాత్రం ఆ రెండు నెలల్లో బాగా ఒళ్ళు చేశాయి. మిగిలిన చేపలు వాటికే పోయేవి.

మార్చి నెలాఖరుదాకా చూస్తాననీ, అప్పటికీ బెంచీలు ఖాళీగా ఉంటే తన చోటు వేరేవాళ్ళకి అద్దెకిస్తాననీ బట్టల కొట్టాయన చెప్పాడు. ఆ చోటు పోతే వాళ్ళకి ఇక్కడ ఇంకేమీ లేదు. పడవ ఉంది, వల ఉంది, చేపలు పడుతున్నాయి. కొనేవాళ్ళు లేరు.

మార్చిలో ఒకరోజు ఆమె మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. కుర్చీ చూపించినా గుమ్మం దగ్గరే కూర్చుంది.

"ఆదివారం మీరు రావాలమ్మా. బెంచీ మీద కూకుని, అందరూ సూస్తుండగా సేప తినాలి. మీరు తింటే ఆళ్ళు తింటారు. ఇనస్పెక్టరమ్మే తినీసిందంటే ఇంకేటి అనుమానం?"

నేను మావారి వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆమె వెళ్ళాక అన్నారు: "నా వల్ల కాదు. నువ్వు వెళ్తే వద్దనను."

అయినా ఆదివారం నాతో బయల్దేరారు. సందు దాకా వచ్చి, బస్టాండు వైపు తిరిగి, అటు మొహం పెట్టుకుని నిలబడ్డారు.

బెంచీ మీద నేను ఒక్కదాన్నే. చుట్టూ జనం ఉన్నారు. ఆమె నలుగురికీ చెప్పినట్టుంది. కండక్టరు బస్సు మెట్టు మీద నిలబడి చూస్తున్నాడు. నేను చేపని చూపించాను. ఆమె మొప్ప ఎత్తింది. ఎర్రగా ఉంది. కన్ను మెరుస్తోంది. కొయ్యమన్నాను. చీల్చి, విప్పి పట్టుకుంది. లోపల పేగులు, జన, సగం అరిగిన చిన్న చేప ఒకటి. చిన్న చేప ఎప్పుడూ ఉండేదే. నేను చూడాల్సినంతసేపూ చూసి తల ఊపాను.

తప్పు ఎక్కడుందో చెప్పడం నాకు వచ్చు. ఆ చేపలో తప్పు లేదు, ఆ మనిషిలో లేదు, పొయ్యిలో లేదు. దిద్దడానికి ఏమీ లేదు.

పళ్ళెం వచ్చింది. ముల్లు తీసి, అన్నంలో కలిపి, నోట్లో పెట్టుకున్నాను. మింగాను. ఇంకో ముద్ద. చేప ఒకవైపు పూర్తయ్యాక తిప్పి రెండోవైపు కూడా తిన్నాను. రుచేమీ తెలియలేదు. అందరూ చూస్తున్నారని ఏదో ఒకటి అనాలనిపించింది.

"ఉప్పు తక్కువైంది" అన్నాను.

"ఈవిడికి వంక పెట్టకపోతే అన్నం అరగదు!" అంది ఆమె, గొంతు నిండా సంతోషంతో. ఈసారి అందరూ నవ్వారు. కండక్టరు కూడా నవ్వాడు. ఆ నవ్వు విని ఆమె గబగబా ఇంకో పళ్ళెం కడిగి, ఎదురు బెంచీ తుడిచి, బుట్ట ముందుకు లాగింది.

నవ్వు ఆగింది. ఎవరూ కూర్చోలేదు. ఒక్కొక్కరే పని గుర్తొచ్చినట్టు కదిలారు. బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆమె పళ్ళెం చేతిలోనే పట్టుకుని కొంచెంసేపు నిలబడింది. "ఇంకోటి వెయ్యి" అన్నాను. రెండోది సగం తినగలిగాను. అంతకంటే నా వల్ల కాలేదు. జన పళ్ళెం అంచునే ఉండిపోయింది.

ఏప్రిల్ మొదట్లో వాళ్ళు పడవ అమ్మేసి విశాఖపట్నం ఓడ ఎక్కారు. రేకు కింద సమోసాల బండి వచ్చింది.

ఆ ఏడాది వానలు తగ్గుతుండగా మళ్ళీ ఊరు చేప తినడం మొదలుపెట్టింది. ఎవరు ముందు తిన్నారో నాకు తెలియదు. తేదీలు గుర్తుపెట్టుకునేదాన్నే అయినా అది ఏ రోజు జరిగిందో చెప్పలేను. జెట్టీకి వెళ్ళే దారిలో ఒక హోటల్లో కండక్టరు వేపుడు తింటూ కనబడ్డాడు. నన్ను చూసి తినడం ఆపాడు. కొంచెం జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

కూర్చున్నాను. నా ముందుకీ పళ్ళెం వచ్చింది. చేప అప్పటికే కోసి, కడిగి, మసాలా పూసి, వేయించేశారు. అది ఎప్పటిదని నేను అడగలేదు.