కోటి ఇచ్చిన రక్తం

నిన్న పొద్దున షాపులో ఓ పత్తి రైతుకి పురుగుమందు ఇస్తుండగా మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, కోటి చనిపోయాడు."

"ఏ కోటి?" అన్నాను.

మా వైపు కోటప్పకొండ పేరు పెట్టుకోని ఇల్లుండదు. నా షాపులోనే ఇద్దరు కోటిలున్నారు. "మన కోటేనండీ" అని ఏడ్చింది. అప్పుడు తెలిసింది.

మా బావమరిది కోటి.

కౌంటర్ మీద చేతులానించాను. "ఏమైందండీ?" అని రైతు అడిగితే ఏం లేదని చెప్పి, మందు చేతిలో పెట్టి పంపేశాను.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. కోటికి డౌన్ సిండ్రోమ్. పొట్టి మెడ, పైకి లాగినట్టుండే కళ్లు, అరచేతిలో అడ్డంగా ఒకటే గీత. పుట్టుకతోనే గుండెలో రంధ్రం, తర్వాత థైరాయిడ్. ఈమధ్య ఛాతీలో ఇన్ఫెక్షన్ వచ్చింది, గుండె తట్టుకోలేకపోయింది. ముప్పై నాలుగేళ్లు.

మిరప కల్లంలో తెల్లబడ్డ తాలు కాయలు ఏరడం వాడి పని. మెల్లగా ఏరేవాడు. ఓసారి "కానీరా" అని తొందరపెట్టాను. బుట్ట తీసుకుని దూరంగా పోయి కూర్చున్నాడు. సాయంత్రం దాకా బావా అని పిలవలేదు.

అసలు రాయాలనుకున్నది వేరే.

మా అత్తయ్య చేసుకున్నది సొంత మేనమామని. అందుకే కోటి ఇలా పుట్టాడని ఊరంతా కలిసి తీర్మానించేసింది. ఎవరైనా "మేనరికమా?" అంటే అత్తయ్య తల ఊపి వంటింట్లోకి వెళ్లిపోయేది. మామయ్య పోయేదాకా ఇంట్లోవాళ్లెవరూ ఈ మాట ఎత్తలేదు.

మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు మాకే భయమూ లేదు. మాది బయటి సంబంధం కదా, ఇంకేం ఢోకా!

బ్రాడీపేట డాక్టరమ్మ కోటి సంగతి విని, ఆ ధైర్యం నిమిషంలో తీసేసింది.

"దీనికీ మేనరికానికీ సంబంధం లేదండీ. వేరే కొన్ని జబ్బులకి ఉంది, దీనికి లేదు. ఇరవై ఒకటో క్రోమోజోమ్ రెండుకి బదులు మూడుంటే ఇలా పుడతారు. చాలామందిలో అది అనుకోకుండా జరిగేదే. కొద్దిమందిలో మాత్రం ఆ అదనపు ముక్క ఇంకో క్రోమోజోమ్‌కి అతుక్కుని ఉంటుంది. ఆ రకమైతే మీ ఆవిడ బాగానే ఉన్నా బిడ్డకి రావచ్చు. తమ్ముడికి క్రోమోజోములు చూసే కారియోటైప్ రక్తపరీక్ష చేయించారా?"

చేయించలేదు. చూడగానే తెలిసిపోతుంటే ఇంకా టెస్ట్ ఎందుకని అందరి లెక్క.

కోటికి సూదంటే చచ్చేంత భయం. ఆటోలో దారంతా "వద్దు బావా, వద్దు బావా". ల్యాబ్‌లో కుర్చీ ఎక్కనంటే ఎక్కనన్నాడు.

మా ఆవిడ వాడి చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. "ఒరేయ్, బుజ్జిదాని కోసంరా."

కాసేపు ఆలోచించాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఒక చెయ్యి సూదికి చాపి, రెండో చేత్తో కళ్లు మూశాడు.

తన కళ్లు కాదు. పక్కనున్న నా కళ్లు.

రిపోర్ట్ వచ్చింది. అతుక్కున్న రకం కాదు. విడిగా ఉన్న అదనపు క్రోమోజోమ్. వంశంలో వచ్చేది కాదు.

ఆ రోజు అత్తయ్య డాక్టరమ్మని ఒక్కటే అడిగింది. "అయితే నా పెళ్లి వల్ల కాదామ్మా?"

"కాదమ్మా. మీ తప్పేం లేదు."



తర్వాత మా ఆవిడకి అందరిలాగే, బిడ్డకి ఇది వచ్చే అవకాశం ఎంతో చెప్పే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష చేశారు. లో రిస్క్. అంటే గ్యారంటీ అని కాదు, అవకాశం తక్కువని. పాప పుట్టింది. చెవులు కుట్టించినప్పుడు మేనమామ ఒళ్లోనే కూర్చుంది. దాని కళ్లు కూడా వాడే మూశాడు.

నిన్న సాయంత్రం, కోటి ఇంకా వాకిట్లో ఉండగానే, పలకరించడానికి వచ్చిన ఓ పెద్దావిడ మొదలుపెట్టింది. "ఏం చేస్తాం, మేనరికం చేసుకుంటే ఇంతేగా."

నేను అలవాటుగా వంటింటి గుమ్మం వైపు చూశాను.

అత్తయ్య లేవలేదు. కొడుకు చెయ్యి వదలకుండానే, వాకిలంతా వినపడేట్టు అంది.

"మేనరికం కాదు వదినా. నా బిడ్డ రక్తమిచ్చి మరీ తేల్చాడు."



కోటీ, ఇక సూదుల్లేవురా. హాయిగా పడుకో.

మీ బావ.