గంజి ఆరిన మమ్మీ

మా చిన్నప్పుడు... ప్రొద్దుటూరులో మా ఇంగ్లీషు మీడియం బడికి ఒక ఏడు ఉన్నట్టుండి దయ్యాల పండగ వచ్చింది. హాలోవీన్ అట... దసరా సెలవులయ్యాక అందరూ దయ్యాల వేషాల్లో రావాలట.

నాకు ఒళ్లు మండింది. బస్టాండులో పంచే సైన్సు కరపత్రాలు చదివి, దయ్యాల్లేవని బడంతా పోట్లాడుతూ తిరిగే రోజులవి. ఈజిప్టు మమ్మీల మీద ఒక పల్చటి పుస్తకం కూడా చదివాను... శవాన్ని వేల ఏళ్లు కుళ్లకుండా దాచారంటే అది దయ్యమా, విజ్ఞానమా? మమ్మీ వేషమే వేసి, స్టేజి మీద ఈ మాట అడగాలి!

మమ్మీ గుడ్డలకు జిగురు పూసేవారని ఆ పుస్తకంలో ఉంది. మాది మగ్గాల ఇల్లు... మాకు తెలిసిన జిగురు గంజి. పడుగు నూలుకు పట్టించి ఎండలో ఆరబెడితే దారం బిర్రుగా బిగుస్తుంది. పండగనాడు నాయన పాత పంచెను పేలికలుగా చించి, బడి వెనక గంజిలో ముంచి, పక్కింటి మస్తాన్ నన్ను చుట్టడం మొదలుపెట్టాడు. చేతులు రొమ్ము మీదే కట్టేశాడు.

"ఇంగా బిగించు మామా, ఊడితే పరువు పోతాది" అన్నాను వాడితో.

"నోరు మూయప్పా, మమ్మీ యాడన్నా మాట్లాడ్తాదా? స్టేజి ఎక్కినాక మూతి గుడ్డ నేను గుంజుతా. అప్పుడు చెబుదువులే నీ ఉపన్యాసం!"

మా వంతు వచ్చేదాకా ఎండలోనే నిలబడ్డాను. గంజి ఆరింది... గుడ్డ రేకులా అయింది. ఊపిరి పీలిస్తే రొమ్ము లేవదు. ముక్కు దగ్గర కూడా గుడ్డ బిగిసింది. అరుద్దామంటే నోరు పెగలదు...

మస్తాన్ నన్ను పట్టుకుని స్టేజి ఎక్కించి మూతి గుడ్డ గుంజాడు. రాలేదు. గోళ్లతో గీకాడు... రాలేదు. నేను తల విదిలిస్తూ గింజుకుంటుంటే కింద ఒకటే ఈలలు, చప్పట్లు. ఏం యాక్టింగ్ అని!

మస్తాన్ ఒక్కడే నా కళ్లలోకి చూశాడు.

"సార్, వానికి ఊపిరాడ్తాలేదు సార్!"

"చాల్లేరా మీ నాటకం, దిగండి" అన్నారు సారు.

వాడు ఒక్క దూకు దూకి, తాగేనీళ్ల డ్రమ్ములో బకెట్టు ముంచుకొచ్చి నా నెత్తిన గుమ్మరించాడు. జనం ఇంకా నవ్వారు. మళ్లీ పరుగు... ఇంకో బకెట్టు. గంజి మెల్లగా నాని జారింది. మూతి గుడ్డ వదిలింది. ఆ మొదటి గుక్క గాలి... ఇప్పటికీ గుర్తే.

"రేయ్, బతికినావా?" అని ఏడుస్తున్నాడు వాడు.

మాకే ఫస్టు ప్రైజు ఇచ్చారు, బాగా నటించామని! "నేను నటించలే, సస్తాంటి!" అని అరిచి, తీసుకోకుండా వచ్చేశాను.

ఇప్పుడు మా వీధిలో మగ్గాలూ లేవు, గంజి వాసనా లేదు. మమ్మీ వేషం ఆన్‌లైన్‌లో వస్తుంది... వెనక జిప్పు కూడా ఉంటుంది. మస్తాన్ కువైట్‌లో ఉన్నాడు. ఈమధ్య నేను ఏ సభలో అరిచినా చప్పట్లు బాగానే పడుతున్నాయి... కళ్లలోకి చూసేవాడే లేడు.

అందరూ చప్పట్లు కొడుతుంటే మీకోసం బకెట్టు పట్టుకుని పరిగెత్తినవాళ్లు ఎవరు? పేరు రాయండి... చదవాలనుంది.