గోడలో ఇరుక్కున్న డ్రిల్లు

ఆ రోజుల్లో, ఇంట్లో మేకు కొట్టడానికి ఇంకొకరిని పిలిచేవాడు అసలు మగవాడే కాదని నాకో గట్టి నమ్మకం. (ఎవరు నూరిపోశారో గుర్తులేదు. మా నాన్న మాత్రం కాదు. ఆయన బల్బు మార్చడానికి కూడా పక్కింటాయన్నే పిలిచేవాడు.) విమానాశ్రయం సరుకుల విభాగంలో ఉద్యోగం కొత్త, పెళ్లి అంతకన్నా కొత్త. శంషాబాద్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, కాకినాడ నుంచి మా ఆవిడను తీసుకొచ్చి పది రోజులైంది. ఆ పది రోజుల్లోనూ ఆమె నాతో "అన్నం పెట్టనా?", "కూర చాలా?" తప్ప పెద్దగా మాట్లాడిందే లేదు. పదకొండో రోజు, ఆదివారం పొద్దున, "వంటింట్లో డబ్బాలు పెట్టుకోవడానికి ఇక్కడో చెక్క ఉంటే బాగుంటుందండీ" అంది. నాకు వీరతిలకం దిద్దినట్టే అనిపించింది.

ముందు సుత్తి పట్టాను. మూడు మేకులు వంగాయి. నాలుగో దెబ్బకు సుత్తి తల ఊడి ఎగిరి బియ్యం డబ్బాలో పడింది. పిడి నా చేతిలో మిగిలింది. మా ఆవిడ బియ్యంలో చెయ్యి పెట్టి దాన్ని వెతికి, కడిగి మరీ నాకిచ్చింది. (కడగడం ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.) పౌరుషం పొడుచుకొచ్చి, బండి మీద రాజేంద్రనగర్ వెళ్లి ఆఫీసు మిత్రుడి డ్రిల్లు అరువు తెచ్చాను.

స్టూలెక్కి మీట నొక్కితే గోడలోకి వెన్నలో దిగినట్టు దిగింది. అప్పుడే అనుమానించాల్సింది. లోపల ఏదో టక్కుమంది. డ్రిల్లు బిగుసుకుపోయింది. దాని వెనక నుంచి పొగ, ముందు నుంచి నా మొహం మీదికి నీళ్లు. కంగారులో ఇంకా లోపలికి నొక్కాను. నీళ్లు ఆగాయి.

"కరెంటు, కరెంటు!" అని అరుస్తూ మా ఆవిడ ఒక్క ఉదుటున ప్లగ్గు పీకేసింది. ఆమెకు అంత గొంతు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ కేకకు మేడ మీద నుంచి ఇంటి ఓనరమ్మ దిగొచ్చింది. "ఏంది తమ్మీ గిది? చెక్క కొడుతున్నవా, బోరేస్తున్నవా?"

"వదిలితే నీళ్లు చిమ్ముతున్నాయక్కా. పైన ట్యాంకు వాల్వు కట్టేయండి!"

ఆవిడ వెళ్లి, తుప్పుపట్టిన వాల్వు చక్రం చేత్తో పట్టుకుని తిరిగొచ్చింది. "జర తిప్పిన్నో లేదో ఊడి చేతికొచ్చింది. ఇగ ట్యాంకు ఖాళీ అయ్యేదాక గట్లనే పట్టుకొని నిలబడు. పరేషాన్ గాకు."

ట్యాంకు త్వరగా ఖాళీ కావాలని ఆడవాళ్లిద్దరూ కుళాయిలన్నీ తిప్పేశారు. మా ఆవిడ బిందెలు, గిన్నెలు, చివరికి టీ గ్లాసులు కూడా నింపింది. నేను పాడైన డ్రిల్లును గోడకు అదిమిపెట్టి గంటసేపు నిలబడ్డాను. చేతులు పీకుతున్నాయి, ఆకలి వేస్తోంది. ఆమె ఉప్మా పళ్లెంతో కుర్చీ ఎక్కి, ఓనరమ్మ చూస్తుండగానే నాకు తినిపించడం మొదలుపెట్టింది. రెండో ముద్దకు నా మోచేతి మీదుగా కారిన నీళ్లు పళ్లెంలో పడ్డాయి.

"ఉప్మా జారుగా అయిందని మళ్లీ నన్ను అనకూడదు" అంది. అని, నవ్వింది. కుర్చీ మీద నుంచి పడిపోతుందేమో అన్నంతగా నవ్వింది. మా ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"గోడ అవతల స్నానాలగది కుళాయి సరిగ్గా ఇక్కడే కదండీ. పైపు తగులుతుందేమో అనుకున్నాను."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"కొత్త కదా. ఏమనుకుంటారోనని..."

ఇప్పుడు తుక్కుగూడలో సొంత ఫ్లాటు. మొన్న ఫొటో తగిలించడానికి మనిషిని పిలిచాం. అతను డ్రిల్లు ఆనించబోతూ ఆగి, "సార్, ఈ గోడల పైపు గిట్ల ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు. నేను ఇంకా ఆలోచిస్తుండగానే వంటింట్లోంచి మా ఆవిడ కేక: "ఆయన్ని అడక్కు బాబూ, నన్నడుగు!"

పది రోజులు నోరు విప్పని ఆ పిల్ల గుర్తొచ్చింది. స్టూలు మీద నిలబడి, ఆమె మాట్లాడుతుంటే ట్యాంకు ఇంకాసేపటి దాకా ఖాళీ కాకూడదని కోరుకున్న ఆ కుర్రాడూ గుర్తొచ్చాడు. నవ్వుకుంటూ పక్కకు తప్పుకున్నాను.