పుట్ట దగ్గర పాఠం

ఆ రోజుల్లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మా తెలుగు ఇళ్లలో తెలుగు నోటికే గానీ కంటికి అలవాటు లేదు. "ఏటి, ఎలగున్నావు" అంటూ గుక్క తిప్పుకోకుండా వాగే పిల్లలు, తెలుగు అక్షరం చూపిస్తే మాత్రం ఇంజెక్షన్ సూది చూసినట్టు మొహం పెట్టేవాళ్లు. బడి హిందీ, ఆటలు హిందీ, కలలు కూడా హిందీలోనే వచ్చేవని నా అనుమానం. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, అమ్మ చేత పూటపూటా తిట్లు తింటున్న నాకు ఈ పిల్లల్ని ఉద్ధరించాలన్న బుద్ధి పుట్టింది. (పనిలేనివాళ్లకే ఇలాంటి గొప్ప బుద్ధులు పుడతాయి.) మా క్వార్టరు ఇరుకు. అందుకని వెనక లైన్లో ఉండే ఫోర్‌మెన్ గారి అమ్మగారిని, అంటే కాలనీ అంతా 'ఫోర్‌మెన్ మామ్మ' అని పిలిచే ఆవిడని, ఆదివారాలు వాళ్ల వరండా ఇమ్మని అడిగాను.

"ఇస్తానే పిల్లా," అంది మామ్మ. "మరి నాకు సదువు రాదు, కోడలికి తెలుగు రాదు. నాగులచవితికి పుట్ట కాడ కథ సదివే దిక్కు నేక నోటికొచ్చింది సెప్పుకుంటన్నాం. ఈ యేడు నాగన్న కథ మా గుంట సదవాల. సదివిందా, వరండా నీది. నేదా, క్లాసు బంద్!"

ఆ గుంట, అంటే మామ్మ మనవరాలు, పేరు చెప్పను. కాలనీలో అందరూ మిరపకాయ్ అనేవారు. ఏడేళ్ల పిల్ల, ముందు పళ్లు లేవు, నోరు మాత్రం నిండుగా ఉంది. అక్షరాలు ఎలాగో పట్టించాను గానీ, నేను రాజుగారి కథ మొదలుపెడితే "సచ్చీ మే అయిందా దీదీ?" అని, నిజంగా జరిగిందా అని, అడిగేది. మాట్లాడే చిలక కథ మొదలుపెడితే మళ్లీ "సచ్చీ మే?" "కాదే, కథ" అంటే "అచ్ఛా" అని లేచి ఆడుకోడానికి పోయేది. దాని వెనకే మిగతా మంద. దసరా దాటిపోయింది. వరండాలో నేనూ, మామ్మ ఆరబెట్టిన వడియాలూ మిగిలాం. అమ్మ సరేసరి, "ఊరి పిల్లల్ని తర్వాత ఉద్ధరిద్దువు గానీ, ముందు ఆ పప్పు రుబ్బు" అనేది.

అప్పుడు విశాఖపట్నం నుంచి వస్తూ మా బాబాయి కొన్ని పుస్తకాలు తెచ్చాడు. కథలు కావు. వాన ఎలా కురుస్తుంది, చీమలు ఎలా బతుకుతాయి, పాములు ఏం తింటాయి, అన్నీ బొమ్మలతో. పాముల పుస్తకం తీసి, "ఇది నిజమే. కావాలంటే నువ్వే చదివి చూసుకో" అని మిరపకాయ్ ఒళ్లో పడేశాను. అంతే! పాముకి చెవులు ఉంటాయా లేవా అన్న ఒక్క ప్రశ్న కోసం ఆ పిల్ల గుణింతాలతో కుస్తీ పట్టింది. వత్తు దగ్గర ఆగేది, నన్ను గిల్లేది, మళ్లీ పరిగెత్తేది. "చెవులు బయటికి క-న-బ-డ-వు!" అని అరిచి వరండా అంతా గంతులేసింది. దాన్ని చూసి మిగతా పిల్లలు చీమల పుస్తకం కోసం జుట్లు పట్టుకున్నారు. నేను మురిసిపోయి, నాగన్న కథ మాటే మర్చిపోయాను. ఎంత తెలివైనదాన్నో చూడండి.

నాగులచవితి రానే వచ్చింది. కాలనీ గోడ వెనక పుట్ట చుట్టూ పట్టుచీరలు, పళ్లాల్లో చిమ్మిలి ఉండలు, చలిమిడి, గిన్నెల్లో పాలు, దీపావళికి కాల్చగా దాచుకున్న టపాకాయలతో పిల్లలు. మామ్మ పుట్టలో పాలు పోయబోతుంటే మిరపకాయ్ గిన్నెకి అడ్డంగా చెయ్యి పెట్టేసింది.

"వద్దు మామ్మా! పాము పాలు తాగదు!"

"ఓలమ్మ! ఎవలు సెప్పారే నీకు?"

"కితాబులో ఉంది. దీదీ ఇచ్చింది."

పట్టుచీరలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. నేను చటుక్కున అమ్మ వెనక్కి దూరాను. అమ్మేమో పక్కకి జరిగింది! నా పని అయిపోయిందనుకున్నాను. వరండా పోయింది, క్లాసు పోయింది, ఇక జీవితాంతం పప్పు రుబ్బుకోవడమే.

"తే ఆ పుస్తకం. సదువు," అంది మామ్మ. మొహంలో నవ్వు లేదు.

మిరపకాయ్ ఇంటికి పరిగెత్తి పుస్తకం తెచ్చింది. పుట్ట ముందు నిలబడి మొదలుపెట్టింది. పాములు ఎలుకల్ని తింటాయి. పాములు పాలు తాగవు. పుట్ట కట్టేది పాము కాదు, చెదపురుగులు. వత్తుల దగ్గర తడబడింది గానీ ఒక్క హిందీ ముక్క లేదు. మధ్యలో ఎవడో టపాకాయ కాల్చబోతే మామ్మ కళ్లతోనే వాణ్ణి ఆపేసింది. చదువు ఆగలేదు. వెనక అట్ట మీదున్న 'ద్వితీయ ముద్రణ' కూడా వదలకుండా చదివేసి, ముక్కు తుడుచుకుంది.

మామ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నాగన్న గురించి సదవమన్నాను," అంది అందరి వైపూ తిరిగి. "సదివింది కదా! మరేటి?"

పుట్ట మీద ఒక్క చెంచాడు పాలు వేసి ("అలవాటే, ఏమనుకోకు నాయనా" అని పుట్టకి చెప్పి మరీ), మిగతా గిన్నె మనవరాలికి ఇచ్చింది. "తాగేవోళ్లు తాగండి." తర్వాత పుట్టమన్ను తీసి ఆ పిల్ల చెవులకి రాసి, అమ్మ వెనక నక్కిన నన్ను పిలిచి నా చెవులకీ రాసింది. "ఆదివారం ఒకటే సాలదే. బుధవారం కూడా క్లాసు ఎట్టు. ఈసారి ఆ వాన పుస్తకం నాకు సదివించు. ఎక్కణ్ణుంచొస్తాదో నేనూ తెలుసుకోవాల."

ఇంటికెళ్లాక అమ్మ పప్పు తనే రుబ్బుకుంది.

ఇప్పటికీ నాగులచవితి నాడు ఒక్క చెంచాడే పోస్తాను, మిగతాది నేనే తాగేస్తాను. అప్పుడల్లా అమ్మ వెనక దాక్కున్న ఆ ఇరవయ్యేళ్ల పిల్ల గుర్తొస్తుంది. జబ్బ పట్టుకుని ముందుకి లాగి, "ఓసి పిచ్చిమొహమా, అక్కడ చదువుతున్నది నీ క్లాసు పిల్లే, ముందుకెళ్లి నిలబడవే!" అని చెప్పాలనిపిస్తుంది.